మురగబెట్టిన మన్ను

గోడకు మన్ను తెచ్చిన రోజే వాడరు మా ఊళ్లలో. పుట్టమన్నులో ఎర్రమన్ను, వరిపొట్టు కలిపి, నీళ్లు పోసి మురగబెడతారు. పొద్దూమాపూ కాళ్లతో తొక్కుతారు. నాలుగైదు రోజులకు పులిసిన వాసన వస్తుంది, మన్ను వేళ్లకు జిగటగా అంటుకుంటుంది. మా పెద్దమ్మ ఇంత ముద్ద తీసి నలిపి చూసి "ఇగ పెట్టుండ్రి" అన్నాకే గోడ లేచేది.

ఆ జిగట ఊరికే రాదు. పొట్టు మురిగేటప్పుడు సూక్ష్మజీవులు వదిలే బంక మట్టిని పట్టి ఉంచుతుంది. పుట్టమన్నునైతే చెదలు ముందే తమ ఉమ్మితో కలిపి పెట్టాయి. ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లో వెదురు తడికకు ఇట్లాంటి మన్నే మెత్తి పెండతో అలుకుతారు. ఆ గోడలో బట్టీలో కాలింది ఏదీ లేదు.

మంచిర్యాల, బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీలు కూడా మన నేల మీదివే. సిమెంటు కావాలంటే సున్నపురాయిని దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాల్చాలి. బొగ్గు పొగ కన్నా రాయిలోంచి బయటపడే కార్బన్ డయాక్సైడే ఎక్కువ. ప్రపంచమంతా వదిలే ఆ వాయువులో 7-8 శాతం సిమెంటు వాటా.

అదే సున్నపురాయి పదార్థాన్ని మామూలు వేడిలోనే పేర్చే బాక్టీరియా ఉంది, స్పోరోసార్సినా పాశ్చరీ. 2020లో బెంగళూరు ఐఐఎస్‌సీ, ఇస్రో పరిశోధకులు చంద్రుడి మట్టిని పోలిన మట్టిలో ఈ బాక్టీరియాను, యూరియాను, గోకరకాయ గింజల బంకను కలిపి ఇటుకలు చేశారు. అమోనియా వెలువడే చిక్కు దీనికి ఉంది. మనకు ఇంకా దగ్గరి దారి 2021లో కందిలోని ఐఐటీ హైదరాబాద్ చూపింది. పంట వ్యర్థాలకు సున్నం కలిపి చేసిన బయో ఇటుకలతో అక్కడ కాపలా గది కట్టారు.

ఇక్కడ మనమేమో ఆదిలాబాద్ చేలల్లో పత్తికట్టెను, కరీంనగర్ మడుల్లో వరికొయ్యలను తగలబెడుతున్నాం. పైరు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ గోడలో నిలవాల్సింది పోయి మళ్లీ గాలిలోనే కలుస్తోంది.

స్లాబు ఇల్లు కోరుకునేవాళ్లను నేను తప్పుపట్టను. మట్టిగోడ వానకు కరుగుతుంది, ఆ అలుకుడు చాకిరీ అంతా ఆడవాళ్ల మీదే పడింది. అందుకే పంచాయతీరాజ్ ఇంజినీర్లను అడుగుతున్నాను. ముందు ఒక అంగన్‌వాడీ గదికి పత్తికట్టె ఇటుకలతో గోడలు కట్టించండి. మన్ను మురగబెట్టడం తెలిసిన ఆడవాళ్లకు మేస్త్రీ కూలి ఇచ్చి పనిలోకి పిలవండి. రెండు వానకాలాలు గడిచాక గోడ ఎట్లా ఉందో, ఖర్చెంతయిందో జనానికి చెప్పండి.