నడుము వంగనివాళ్లకు నొప్పి సూది

తుంటి కీలు మార్చాక మొదటి రాత్రి ఎట్లా గడిచిందన్నదే మత్తు డాక్టరుగా నేను తెల్లారి అడిగే మొదటి మాట. నొప్పి ఉంటే మనిషి కదలరు. కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఛాతీలో కఫం చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది. మార్ఫిన్ లాంటి మందులు పెద్దవయసు వాళ్లకు మగత, వాంతులు తెస్తాయి. కొందరైతే ఎక్కడున్నారో తెలియక రాత్రంతా కలవరిస్తారు.

నల్లగొండ వైపు ఇంకో చిక్కుంది. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దీఖీ అనే పరిశోధకుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మర్రిగూడ, మునుగోడు ఊళ్లలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల వెన్నుపూసల మధ్య పట్టీలు ఎముకలా గట్టిపడ్డాయి. మిషన్ భగీరథ తాగునీటి పథకం నీళ్లొచ్చినా ఆ నడుములు మెత్తబడవు. వెన్నులో మత్తు సూది వేయడానికి పక్కకు తిరిగి మోకాళ్లు ముడవమంటే "వంగుతలేదు బిడ్డా" అంటుంది అవ్వ. వెన్నులోకి సూది దిగదు. పూర్తి మత్తు ఇవ్వక తప్పదు, దానికి తోడు తుంటికి నర్వ్ బ్లాక్, అంటే నరాలను మొద్దుబార్చే సూది.

నాకు ఇష్టమైనది 2018లో టొరంటో డాక్టర్లు వివరించిన పెంగ్ బ్లాక్. గజ్జ దగ్గర అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తే ఎముక అంచు తెల్లగీతలా, దానిమీద సోయాస్ కండరం స్నాయువు మెరుస్తూ కనిపిస్తాయి. సూదిమొన ఆ రెంటి మధ్యకు చేరాక మందు కొద్దికొద్దిగా వదలాలి. మధ్యమధ్య సిరంజి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి. స్నాయువు మెల్లగా పైకి లేచిందంటే మందు చోటుకు చేరినట్టే. 20 మిల్లీలీటర్లు చాలు.

పాత పద్ధతిలో తొడ నరాన్నే మొద్దుబారిస్తే తొడ కండరమూ నీరసిస్తుంది, నిలబడబోతే మోకాలు ముడుచుకుపోతుంది. పెంగ్‌లో కీలు ముందువైపు వెళ్లే సన్న కొమ్మలే మొద్దుబారతాయి, కాలి బలం చాలావరకు నిలుస్తుంది. అయినా నిలబెట్టేముందు మోకాలు చాపించి చూడాల్సిందే. కోత పడ్డ చర్మానికి, కీలు వెనకవైపుకు ఈ మందు అందదు. అక్కడ సర్జన్ విడిగా ఎక్కించాలి.

జిల్లా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌కు సొంత అల్ట్రాసౌండ్ ఉండాలన్నది నా గట్టి కోరిక. లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద దాన్ని రిజిస్టర్ చేయించాలి, ఆ పని ఓపిగ్గా చేయించుకుందాం.

ఇంటివాళ్లకు ఒక మాట. బ్లాక్ గంటల్లో దిగిపోతుంది, తరచూ అర్ధరాత్రే. నొప్పి మొదలయ్యాక కాదు, అంతకు ముందే గోలీ పడాలి. ఎప్పుడు వేయాలో సాయంత్రమే సిస్టరమ్మను అడిగి పెట్టుకోండి.