నాపరాయి చెప్పు సాక్ష్యము



కమలాపురము మొదలుకొని ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు వఱకు మన సీమలో దేవుడు భూమిలో పేర్చి యుంచిన రాయి నాపరాయి. అది పొరలు పొరలుగా ఉండును గనుక గునపము పెట్టి లేపినను చదునైన బండగా లేచును. మన యిండ్లలో నేల అదియే, గూటి పలక అదియే, చేని గట్టున నిలిపిన కంచె అదియే. ముంబయి వంటయిండ్లలో 'కడప్పా' అనిన ఈ నల్లని బండయే.

ఇట్టి రాతితో కట్టిన ప్రార్థనామందిరములకు ఇప్పుడు కొన్నిచోట్ల క్రొత్త ముఖములు పెట్టుచున్నారు. గోడకు సిమెంటు పూసి, చలువరాయివలె కనబడు పలకలు అంటించి, వాకిట మొనదేరిన కమాను నిలిపి, దానికి బంగారు రంగు వేయుచున్నారు. దీనిని నిదానముగా పరిశీలింతము. కమాను రాతిపనిలో ఎదిగినది. పైబరువును ఇరుప్రక్కలకు పంచి క్రిందికి దింపుట దాని పని. గోడకు అంటించిన సిమెంటు కమాను ఏ బరువును మోయదు, మోయుచున్నట్లు నటించును. ఆ పలక చలువరాయి కాదు, ఆ రంగు బంగారము కాదు. సత్యము బోధించు ఇంటి వాకిట ఇన్ని అబద్ధములు ఎందుకు?

సొలొమోను మందిరము బంగారముతో మెఱయలేదా అని మీరు అడుగవచ్చును. మెఱసెను, అయితే అది నిజమైన బంగారము. బెసలేలు చేసిన చిత్రపని దేవుడిచ్చిన నేర్పేనని నిర్గమకాండము చెప్పుచున్నది. కాబట్టి అందము పాపము కాదు. అదే గ్రంథములో మరి రెండు సంగతులు గమనింపుడు. రాతి బలిపీఠమునకు ఉలి తగిలిన రాళ్లు కూడవని ఆజ్ఞ కలిగెను. గుడారమునకు జనులు తెచ్చిన కానుకలు మించిపోగా, ఇక చాలునని మోషే చాటించెను. అప్పు చేసి తెమ్మని ఎవరితోను చెప్పలేదు.

సాదాతనమనగా బోడిగోడ అని తలంపవలదు. దోర్నకల్ చూడుడు. బిషప్ అజరయ్య గారు కట్టించగా 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయమున చెక్కడపు పనికి కొదువ లేదు. స్తంభములు మన దేశపు మండపములను, గుమ్మటములు మసీదులను తలపించును. అది పరదేశమునుండి ఎరువు తెచ్చుకొన్న ముఖము కాదు. దాని గొప్పతనము ఎత్తులో లేదు. ఈ నేలవారి పనితనమును సిగ్గుపడక దేవుని యెదుట నిలుపుటలో ఉన్నది. అయినను ఆ స్తంభములనే ఇక్కడ సిమెంటుతో పోతపోసినయెడల అదియు నటనయే యగును. మనము తెచ్చుకొనవలసినది దాని రూపము కాదు, దాని ధైర్యము.

సంఘపెద్దలారా, మందిరము బాగుచేయ తలంచినప్పుడు మొదట కప్పు చూడుడు. కారుచున్న కప్పు క్రింద విధవరాండ్రు తడియుచుండగా వాకిటి కమానుకు చందా వేయుట న్యాయము కాదు. రాళ్ల సందులు సున్నముతో పూడ్పించుడు. బండలు కడిగించుడు, వాటి నలుపు తేరును. బల్ల కావలసినయెడల ఊరి వడ్రంగిచేత వేపకొయ్యతో చేయించుడు.

ఆదివారము ఆ నేలమీద కూర్చుండువారిలో వారమంతయు గనిలో బండలు లేపినవారు కలరు. తమ చేతిపని దేవుని యింట కనబడుట వారికి ఘనత. వారు లేపిన రాతిని పలకల క్రింద దాచినప్పుడు, వారి చెమటను చూచి మనము సిగ్గుపడినట్లే గదా!