రాజకీయ నాయకుల బహిరంగ వాక్కు: మర్యాద, నీతి – ఒక పరిశీలన

నాయకుల బహిరంగ ప్రసంగాలను మనం సాధారణంగా ఒకే కొలతతో కొలుస్తున్నాం: తిట్టారా, లేదా? ఆ కొలత చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. మర్యాద వేరు, నీతి వేరు. రెండూ అవసరమే గాని ఒకటి మరొకదానికి బదులు కాదు.

మొదట మర్యాద. ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రత్యర్థుల విధానాలను, కార్యక్రమాలను, గత చరిత్రను, పనితీరును విమర్శించవచ్చు. ప్రజాజీవితంతో సంబంధం లేని సొంత జీవితాన్ని విమర్శించరాదు. 2024 ఏప్రిల్ 5న సిరిసిల్లలో కాంగ్రెస్ వారిపై చేసిన వ్యాఖ్యలకు గాను కె. చంద్రశేఖరరావు ప్రచారాన్ని ఎన్నికల సంఘం మే 1 నుండి 48 గంటలు నిలిపివేసింది. శాసనసభలో పలికిన మాటకైతే రాజ్యాంగం 194వ అధికరణం న్యాయస్థానాల నుండి రక్షణ ఇస్తుంది. 2021 నవంబరు 19న తన భార్యను కించపరిచారంటూ ఎన్. చంద్రబాబునాయుడు ఆంధ్రప్రదేశ్ శాసనసభను విడిచి వెళ్లారు. అధికారపక్షం ఆ ఆరోపణను నిరాకరించింది. చట్టం చేరని ఇటువంటి చోటనే మనస్సాక్షి పని మొదలవుతుంది.

ఇక నీతి. 2016లో బులంద్‌షహర్ వద్ద రహదారిపై తల్లీకూతుళ్లు అత్యాచారానికి గురైనప్పుడు, అప్పటి ఉత్తరప్రదేశ్ మంత్రి ఆజం ఖాన్ దానిని రాజకీయ కుట్రగా పేర్కొన్నారు. కుట్ర అనేది బూతు మాట కాదు. అయినా ఆ మాట బరువు బాధితులపైనే పడింది. అదే ఏడాది డిసెంబరులో ఆయన సుప్రీంకోర్టుకు బేషరతుగా క్షమాపణ చెప్పారు. ఆ వ్యాజ్యం నుండి పుట్టిన ప్రశ్నలపై 2023 జనవరి 3న రాజ్యాంగ ధర్మాసనం, మంత్రి పలికిన మాటను ప్రభుత్వానికి అంటగట్టలేమని మెజారిటీతో తీర్పునిచ్చింది. అంటే మాటకు జవాబుదారీ పలికినవాడే.

లేఖనాలు కూడా ఈ భేదాన్ని చూపిస్తున్నాయి. గుమ్మం దగ్గర అబ్షాలోము మాట ఎంతో మృదువైనది. దాని వెనుక తిరుగుబాటు ఉంది (2 సమూయేలు 15). ఆమోసు మాట కఠినం. అయితే అది దరిద్రులను నలిపేవారి మీదికే వెళ్లింది (ఆమోసు 4:1). పౌలు ప్రధానయాజకుని మీద కఠినంగా పలికి, ఆయన ఎవరో తెలియగానే ధర్మశాస్త్రానికి తలవంచాడు (అపొ. కార్య. 23:1–5).

కాబట్టి నాయకుని మాటను మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. అది సత్యమా? దాని దెబ్బ బలవంతునికి తగిలిందా, దిక్కులేనివానికా? తప్పని తెలిసినప్పుడు దిద్దుకున్నాడా? మర్యాద గురించిన ప్రశ్న వీటి తరువాతనే రావాలి. పేదల ఆక్రోశానికి ఎప్పుడూ సున్నితమైన భాష దొరకదు. అలాగని దూషణ ప్రవక్తృత్వం కాదు. ఆమోసు ఖండించినది వారి క్రియలను.

సంఘకాపరులు ఇక్కడ తమ తూకాన్ని సరిచూసుకోవాలి. అధికారుల కొరకు ప్రార్థించడం మన విధి, అయితే అది వారి మాటను పరీక్షించే బాధ్యతను కొట్టివేయదు. మనవారిని దూషించినప్పుడు మాత్రమే లేచి, ఇతర మతస్థులను, ఇతర కులాలవారిని, స్త్రీలను దూషించినప్పుడు ఊరకుంటే మన త్రాసు దొంగ త్రాసే. ఎన్నికల వేళ వేదికపై పలకరింపుగా నాలుగు మంచి మాటలు చెప్పిన నాయకుని మెచ్చుకునే ముందు, ఊరి మైదానంలో అతడు ఏమి పలికాడో విచారించడం కాపరి పనిలో భాగమే.