ఎడారిలో మకాం

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు నైరుతి ఎడారుల్ని చూసేది ఎక్కువగా వేసవిలోనే. పిల్లలకి బడి సెలవులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, లాస్ వేగాస్‌లో హోటలు, దారిలో హూవర్ డ్యామ్, ఆపైన గ్రాండ్ కాన్యన్. కారు దిగగానే వేడిగాలి ముఖాన కొడుతుంది. నాలుగు ఫొటోలు తీసుకుని మళ్లీ ఏసీలోకి వచ్చేస్తారు, ఎడారి అంటే ఇంతే కాబోలు అనుకుంటారు. ఆ నేల మీద నడవాలన్నా, ఆరుబయట పడుకోవాలన్నా, తీరిగ్గా నాలుగు దిక్కులూ చూడాలన్నా దానికో కాలముంది. నవంబరు సగం నుంచి మార్చి దాకా. ఆ నెలల్లో నీళ్లూ పరుపూ పొయ్యీ కారులో వేసుకుని, ఒక చోటు నుంచి ఇంకో చోటికి మకాం మారుస్తూ తిరగడం అక్కడ బాగా పాతుకుపోయిన సంప్రదాయం. దానికి మెలకువలున్నాయి, మర్యాదలున్నాయి. ఫీనిక్స్ శివార్లలో కాపురముంటున్న నేను ఏడాదంతా ఎదురుచూసేది ఆ రోజుల కోసమే. ఎక్కువసార్లు ఒంటరిగానే వెళ్తాను. ఆ మెలకువల వల్ల మనం సుఖంగా నిద్రపోతాం, నిజమే. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. అందరికీ తెరిచి ఉన్న ఆ నేల అలాగే తెరిచి ఉండాలంటే దారీ అవే.

కాలాన్నిబట్టి కదలడం

డెత్ వ్యాలీలో 1913 జులై 10న 56.7 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదైంది. ప్రపంచ రికార్డుగా నేటికీ దాన్నే చెబుతారు. అదే లోయ అడుగున డిసెంబరు పగళ్లు సాధారణంగా 18, 19 డిగ్రీల దగ్గర ఉంటాయి. అక్కడి మూలవాసులు టింబిషా షొషోనీలకి ఈ సంగతి తరతరాలుగా తెలుసు. వేసవిలో పానమింట్ కొండలెక్కి చల్లగా ఉండేవారు, చలికాలంలో లోయలోకి దిగేవారు. దక్షిణ అరిజోనాలో టొహోనో ఓధమ్ జనానికీ రెండు ఊళ్లుండేవి. చలికాలంలో కొండపాదాల ఊటల దగ్గర ఒకటి, వేసవి వానలొచ్చినప్పుడు కింద వాగు నీళ్లు పారే పొలాల దగ్గర ఇంకొకటి. ఎడారిలో బతకాలంటే కాలాన్నిబట్టి కదలాలన్నది వాళ్ల బతుకు నేర్పిన సూత్రం.

ఇప్పటి యాత్రికులు పాటించేదీ అదే. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే మ్యాపులో మైళ్లకంటే ముందు ఎత్తు చూస్తారు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది కాబట్టి జనవరిలో అక్కడ మంచు. మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న ఆర్గన్ పైప్ కాక్టస్ నేషనల్ మాన్యుమెంట్, క్వార్ట్‌జ్‌సైట్ ఊరి పక్కనున్న కోఫా అభయారణ్యం, కాలిఫోర్నియాలో అంజా-బొరేగో, డెత్ వ్యాలీ అడుగు, ఇవన్నీ పల్లపు చోట్లు. డిసెంబరు, జనవరి నెలలు వీటివి. జాషువా ట్రీ పార్కులో క్యాంపులు చాలావరకు ఇంకా ఎత్తున ఉంటాయి. వాటికి మార్చి బాగుంటుంది.

క్వార్ట్‌జ్‌సైట్‌లో ఏడాది పొడుగునా ఉండేవాళ్లు కొద్ది వేలమందే. చలికాలం వచ్చేసరికి కెనడా నుంచీ ఉత్తరాది రాష్ట్రాల నుంచీ వచ్చిన వాహనాలతో దాని చుట్టూ ఉన్న మైదానం నిండిపోతుంది. వీళ్లని అక్కడ స్నోబర్డ్‌లు అంటారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఎక్కువకాలం మకాం ఉండేవాళ్ల కోసం 1983లో ప్రభుత్వం ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేసింది. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ‘నొమాడ్‌ల్యాండ్’ చూసినవాళ్లకి ఈ మైదానం గుర్తుండే ఉంటుంది.

చోటు ఎంచడం

ఈ విద్యలో మొదటి పాఠం సాయంత్రం పూట ఆగడం. పొద్దు వాలడానికి రెండు గంటల ముందే చోటు చూసుకోవాలి. చీకట్లో ఎంచుకున్న చోటు తెల్లారాక మంచిదని తేలడం అరుదు.

ఇంతకుముందు ఎవరో దిగి వెళ్లిన చోటే మేలు. అక్కడ నేల అప్పటికే గట్టిపడి ఉంటుంది, కొత్తగా పాడయ్యేదేమీ ఉండదు. ఎండిన వాగులో దిగకూడదు. ఇసుక మెత్తగా, చదునుగా ఉండి రమ్మంటుంది కానీ, ఎక్కడో కొండల్లో కురిసిన వాన ఇక్కడ చుక్క పడకుండానే వరదై రావచ్చు. వాన లేని రాత్రి కూడా వాగు మంచిది కాదు. పొడిగాలి, మబ్బులేని ఆకాశం వల్ల నేల వేడి పొద్దుగూకగానే పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. చీకటి పడ్డాక గట్టు మీంచి వాగులోకి నాలుగడుగులు దిగి చూడండి. చలి ముందు పాదాలకి, తర్వాత మోకాళ్లకి తెలుస్తుంది. అడుగుకి చేరేసరికి చెవులు జివ్వుమంటాయి. తిరిగి గట్టెక్కితే గాలి మళ్లీ గోరువెచ్చగా తగులుతుంది. కాబట్టి వాగుకి కాస్త ఎగువన, కొండ అంచుకి కాస్త దిగువన ఉన్న గట్టు చూసుకోవాలి.

ఇది బాగా తెలిసిన మొక్క ఒకటుంది. ఆర్గన్ పైప్ మాన్యుమెంట్‌కి ఆ పేరొచ్చింది ఈ కాక్టస్ వల్లే. ఒకే మొదలు నుంచి డజన్లకొద్దీ కాండాలు గుంపుగా లేస్తాయి. కాండాల లేత కొనలు గడ్డకట్టే చలికి ఓర్చుకోలేవు. అందుకే అవి ఎక్కువగా దక్షిణానికి ఒరిగిన రాతివాలుల మీద కనిపిస్తాయి. చలికాలపు సూర్యుడు దక్షిణంగా వంగి నడుస్తాడు, ఆ వాలు రాళ్లు పగలంతా కాగి రాత్రికి వెచ్చదనం దాచుకుంటాయి. తూర్పు, ఆగ్నేయం తెరిచి ఉండి, వెనక రాతివాలు ఉన్న చోట దిగితే పొద్దున తొలి ఎండ మన మీదే పడుతుంది. సున్నాకి దగ్గరైన రాత్రి తర్వాత ఆ ఎండ ఒక గంట ముందు రావడం ఎంత భాగ్యమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

రాత్రి పద్నాలుగు గంటలు

డిసెంబరు చివర హైదరాబాదులో పగలు 11 గంటలుంటే, ఫీనిక్స్‌లో 10 గంటలే. రాత్రి 14 గంటలు. పగటికీ రాత్రికీ తేడా 15 డిగ్రీలు దాటడం మామూలే.

మన ఒంటి వేడిని గాలికంటే ఎక్కువగా లాగేది నేల. దుప్పట్లు ఎన్ని కప్పుకున్నా కింద చాప పలచనైతే లాభం లేదు. పడక కింద వేసే ప్యాడ్‌కి ఆర్-వాల్యూ అనే అంకె ఉంటుంది. అది 4కి తగ్గకుండా చూసుకోవాలి. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటే ‘కంఫర్ట్’ అన్నదాన్నే నమ్మాలి. రెండోది ఆ బ్యాగ్ ఓర్చే హద్దు, హాయిగా నిద్రపుచ్చేది కాదు. గట్టి మూతున్న సీసాలో వేడినీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టుకుంటే సగం రాత్రి గడిచిపోతుంది.

పొయ్యికి వాడే చిన్న గ్యాస్ డబ్బాలో బ్యూటేన్ ఉంటే సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది, మంట సన్నబడిపోతుంది. ప్రొపేన్‌కి ఈ బాధ లేదు. చిన్న డబ్బాలే ఉంటే రాత్రి ఒకదాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కన పెట్టుకోవాలి. పొద్దున కాఫీకి కావలసిన నీళ్లు పడుకునే ముందే గిన్నెలో పోసి పొయ్యి మీద ఉంచాలి. నీళ్ల డబ్బా మూత దగ్గర మంచు కట్టినా గిన్నెలో నీళ్లు కాగబెట్టుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం సడలింపు లేదు. మూసిన కారులో, మూసిన గుడారంలో పొయ్యి గానీ గ్యాస్ హీటరు గానీ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కారులో పడుకుంటే రెండు వైపులా అద్దాలు కాస్త దించి ఉంచాలి. లేకపోతే మన ఊపిరే తేమై పొద్దునకి పరుపంతా తడుస్తుంది.

నీళ్లు, వంట

మనిషికి రోజుకి ఒక గ్యాలను, అంటే దాదాపు 4 లీటర్లు కనీసం. ఒంటరి ప్రయాణంలో దాని మీద ఇంకొన్ని రోజులకి సరిపడా అదనం ఉండాలి. ఆ నీళ్లన్నీ ఒకే డబ్బాలో పోయకూడదు. ఒకటి కారినా ఇంకొకటి ఉండాలి.

ఇక్కడ మన వంటిల్లు ఎంతో అక్కరకొస్తుంది. ఉప్మా రవ్వ ఇంట్లోనే వేయించి, పోపు కూడా పెట్టి డబ్బాలో పోసుకుంటే అక్కడ మరిగే నీళ్లు చాలు. పులిహోర ఆ చలిలో మర్నాటికీ చెడదు. అటుకులు, పల్లీలు, బెల్లం, కారప్పొడి, నెయ్యి ఉంటే వారం నడుస్తుంది. పప్పు ఉడికించాలంటే నీళ్లూ గ్యాసూ రెండూ ఖర్చే, దాన్ని ఇంటికొచ్చాక తినాలి. తిన్న కంచాన్ని ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తసంచిలో వేస్తే, కడగడానికి గ్లాసెడు నీళ్లు సరిపోతాయి.

ఒక్కడివే ఎందుకు?

“ఒక్కడివే వెళ్లడమేంట్రా, తోడు ఎవరూ దొరకలేదా?” అని మా అమ్మ ఫోన్లో ప్రతిసారీ అడుగుతుంది. భయం న్యాయమైనదే, అందుకే ఒంటరి ప్రయాణానికి కట్టుబాట్లు ఎక్కువ. ఏ రోడ్డులో వెళ్తున్నానో, ఎక్కడ పడుకుంటానో, ఎప్పటిలోగా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి బయల్దేరాలి. ఫోన్ సిగ్నల్ లేని చోటు నుంచి ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం దగ్గరుండాలి. డెత్ వ్యాలీలో జీపీఎస్‌ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని పార్కు అధికారులే హెచ్చరిస్తారు. కాగితం మ్యాపు తప్పనిసరి. ఇసుకలో చక్రం దిగబడితే టైర్లలో గాలి తగ్గించి మెల్లగా బయటపడాలి, మళ్లీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉండాలి. కారు కదలకపోతే దాన్ని వదిలి నడవకూడదు. వెతికేవాళ్లకి ముందు కనపడేది కారే.

చోయా అనే కాక్టస్ ముళ్ల గుత్తి కాస్త తగిలితే చాలు, ఊడొచ్చి అంటుకుంటుంది. చేత్తో లాగితే చేతికీ అంటుకుంటుంది. గుత్తి కిందికి దువ్వెన దూర్చి ఒక్క విసురున ఎగరేయాలి, మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయాలి. జేబులో దువ్వెన లేకుండా అక్కడ ఎవరూ నడవరు. వీసా మీద ఉన్నవాళ్లు కాగితాలు కూడా వెంట ఉంచుకోవాలి. ఆర్గన్ పైప్ దారిలో బోర్డర్ పెట్రోల్ తనిఖీలుంటాయి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డాక దొరికేది వేరెక్కడా దొరకని తీరిక. పక్కన మనిషి ఉంటే మాటలు, వెళ్దాం పదమనే తొందర. ఒక్కళ్లమే ఉంటే గంటసేపు ఒకే చెట్టును చూస్తూ కూర్చోవచ్చు. చలికాలంలో పాలో వెర్డే, ఐరన్‌వుడ్ చెట్ల మీద బదనిక ఎర్రటి పళ్లు కాస్తుంది. నల్లగా మెరిసే ఈకలు, నెత్తిన కుచ్చు, ఎర్రకళ్లు ఉన్న ఫైనోపెప్లా పిట్ట ఆ గుబురుని కాపలా కాస్తూ కొన కొమ్మ మీద కూర్చుంటుంది. పళ్లు తింటుంది, విత్తనాల్ని ఇంకో కొమ్మ మీద విసర్జిస్తుంది, అక్కడ కొత్త బదనిక మొలుస్తుంది. చెట్టుకి అది పరాన్నజీవి, పిట్టకి ఆహారం. ఈ సంబంధం పుస్తకంలో చదివితే రెండు వాక్యాలు. చెట్టు కింద కూర్చుని చూస్తే ఒక పూటంతా చూడాలనిపించే వ్యవహారం.

రాత్రి ఆకాశమూ అంతే. కృత్తికలు, రోహిణి, మృగశిర, ఆర్ద్ర అని మనం పంచాంగంలో చదువుకునే పేర్లన్నీ ఆ నెలల్లో నడినెత్తికి వస్తాయి. డిసెంబరు చివరి వారంలో అర్ధరాత్రి దాటాక ఆర్గన్ పైప్ నుంచి దక్షిణం తెరిచి ఉన్న చోట నిలబడితే, దిఙ్మండలానికి 5 డిగ్రీల ఎత్తున అగస్త్య నక్షత్రం కనిపిస్తుంది. హైదరాబాదు నుంచి అది 20 డిగ్రీల ఎత్తుకి ఎక్కుతుంది. అరిజోనా ఉత్తర కొసకి వెళ్తే దాదాపు నేలని తాకుతూ పోతుంది. మనం భూమ్మీద ఎంత ఉత్తరానికి వచ్చి స్థిరపడ్డామో ఆ ఒక్క చుక్క కొలిచి చెబుతుంది.

ఎవరి నేల?

ఈ మకాములు చాలావరకు ఉచితం. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర సంస్థ కింద దాదాపు 24.5 కోట్ల ఎకరాల ప్రజల భూమి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన విస్తీర్ణానికి ఇది మూడు రెట్లకు పైనే. అమ్మేయకుండా ప్రజల ఆస్తిగానే ఉంచాలన్నది 1976 నాటి చట్టం పెట్టుకున్న విధానం. ఆ నేలలో చాలాచోట్ల ఎవరైనా, ఏ రుసుమూ లేకుండా, 28 రోజుల్లో 14 రోజుల వరకు మకాం ఉండొచ్చు. గేటు లేదు, టికెట్ లేదు, కాపలా లేదు.

కాపలా లేని చోట మర్యాదే కాపలా. దారి పక్క నల్లగా, గరుకుగా పొక్కులు తేలినట్టు కనిపించే మట్టి నిజానికి ప్రాణమున్న పొర. సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు అల్లుకుని ఇసుకని గాలికి పోకుండా పట్టి ఉంచుతాయి. ఒక్క అడుగుకి అది పిండవుతుంది, మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. సగ్వారో కాక్టస్‌కి మొదటి కొమ్మ రావడానికే 50 నుంచి 75 ఏళ్లు కావాలి. ఎండిన ఐరన్‌వుడ్ దుంగ బల్లులకీ పురుగులకీ ఇల్లు, కాబట్టి కట్టెలు మనమే తీసుకెళ్లాలి. మలవిసర్జనకి నీటి జాడకి 200 అడుగుల దూరంలో ఆరేడు అంగుళాల గొయ్యి తవ్వి కప్పాలి, వాడిన కాగితం మాత్రం సంచిలో వెనక్కి తేవాలి. ఇవి పాటించనివాళ్ల చెత్త పేరుకుపోయి మూసేసిన చోట్లు ఇప్పటికే ఉన్నాయి. ఒకసారి గొలుసు కట్టాక మళ్లీ తెరవడం కష్టం. డబ్బు అడగని ఆ నేలకి మనం కట్టే అద్దె ఈ జాగ్రత్తలే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆర్గన్ పైప్‌లోని ట్విన్ పీక్స్ క్యాంపుకి వెళ్లొచ్చు. నీళ్లు, మరుగుదొడ్లు, చుట్టూ మనుషులు ఉంటారు. పరుపు, పొయ్యి, చలి లెక్క అక్కడ సరిచూసుకుని, ఆ తర్వాత కోఫా లాంటి ఏకాంతానికి వెళ్లడం మంచిది. ఫీనిక్స్, చాండ్లర్, లాస్ వేగాస్‌లలో ఇళ్లు కొనుక్కుని పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. ఈ ఎడారి మనకి సెలవుల్లో చూసొచ్చే వింత కాదు, మన పిల్లల సొంతూరు. దాని పల్లమూ మెరకా, చలీ ఎండా, ముల్లూ మట్టీ వాళ్లకి తెలియాలి. ఒక్క గుట్ట మీద ఒక్క రాత్రి సరిగ్గా మకాం ఉండటం నేర్పితే చాలు, ఆ నేలని మూసేస్తామని ఎవరైనా అన్ననాడు అడ్డం నిలబడే మనుషుల్లో వాళ్లూ ఉంటారు.