బస్తా మీద ముప్పై శాతం

ఈ వారం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక దాణా కొట్టు ముందు నిలబడి చిరాకుపడ్డాను. బస్తా మీద అరచేయంత అక్షరాలతో ‘ప్రొటీన్ 30 శాతం’ అని ఉంది. ఆ లెక్క ఎలా కడతారంటే, నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తారు. అలా చూస్తే యూరియాలో 287 శాతం ప్రొటీన్ ఉన్నట్టే!

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాట తెలుసు: ముందు ఆవు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు మేత వేయండి. ఈ పట్టుదల నాకు ఆర్మిడేల్‌లోని న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాన్ లెంగ్ రచనల వల్ల వచ్చింది. 1980లలో ఆయన గుజరాత్‌లో ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి బోర్డుతో కలిసి పనిచేశారు. పశువులకు గడ్డే ఆధారమైన చోట అది. వరిగడ్డిలో ప్రొటీన్ నాలుగైదు శాతానికి మించదు. నత్రజని చాలక సూక్ష్మజీవులు నీరసిస్తే, గడ్డి సరిగా అరగకుండానే పేడలో పోతుంది. యూరియా, మొలాసిస్, ఖనిజాలు కలిపి ఇటుకలా పోసి పశువు ముందు పెట్టారు. ఇటుక గట్టిగా ఉండాలి. యూరియా ఒక్కసారిగా ఎక్కువ మింగితే పశువు ప్రాణం పోతుంది. పశువు ఇటుకను నాకేకొద్దీ యూరియా నుంచి అమ్మోనియా కొంచెం కొంచెంగా అందుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, గడ్డి అరుగుతుంది. ఆ సూక్ష్మజీవులే నాలుగో పొట్టలోకి జారి, అరిగి, ఆవుకు ప్రొటీన్ అవుతాయి. ఒక్క ఆవున్న రైతు గడ్డివాము గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన శాస్త్రమంటే నాకు ఎనలేని గౌరవం.

ఇక ఆ బస్తాలోది జొన్నల నుంచి ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి. క్వీన్స్‌లాండ్‌లోనే డాల్బీలో అలాంటి ఇథనాల్ కర్మాగారం 2008లో మొదలైంది. మన వైపు కూడా ఇప్పుడు బియ్యం పిప్పి దాణాలోకి వస్తోంది. గింజలోని పిండి పోయి ప్రొటీన్, కొవ్వు, పీచు దాదాపు మూడింతలు చిక్కబడతాయి. సూక్ష్మజీవులకు త్వరగా శక్తినిచ్చేది ఆ పిండే. పైగా ఎండబెట్టిన వేడికి ప్రొటీన్‌లో చాలా భాగం వాటికి లొంగదు. నా పాట ప్రకారం ఇది కొనకూడని సరుకు.

కానీ పాలు దండిగా ఇచ్చే ఆవుకు సూక్ష్మజీవుల ప్రొటీన్ ఒక్కటే చాలదు. పెద్దపొట్టను దాటుకుని తిన్నగా కిందికి వెళ్లే ప్రొటీన్ కూడా కావాలి. దీని గురించీ లెంగ్ అంతే గట్టిగా చెప్పారు. పిప్పి విలువంతా ఆ లొంగకపోవడంలోనే ఉంది. మితిమీరి మాడిస్తే మాత్రం ఆవు పొట్టకూ లొంగదు, పేడలోకే పోతుంది. నల్లబడిన, మాడు వాసన కొట్టే బస్తా వద్దనండి. మంచిది దొరికితే, మంచి మేతా కాసిన్ని గింజలూ తింటున్న పాలావుకు పెట్టండి. చొప్ప మీద బతికే వట్టిపోయిన ఆవుకు అది దండగ. దానికి ఇటుక చాలు.