పశుపాలకుడు, పరవూరివాడు: పురుషప్రణయ కథలలో ఇంటి ప్రసక్తి

కోయంబత్తూరునుండి సత్యమంగళమునకు పోవు మార్గమున అన్నూరు గలదు. ఆ ప్రాంతపు తెలుగువారి పూర్వులు కొన్ని శతాబ్దుల క్రిందట వలసవచ్చి స్థిరపడినవారు. పరవూరివాడు ఊరివాడగుట యెట్లను ప్రశ్న వారి చరిత్రలోనిదే. కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన తమిళ నవల ‘గోపల్ల గ్రామం’ తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసపోయి, అడవిని పొలముగా మార్చి, ఊరు కట్టుకొనిన వృత్తాంతమునే చెప్పినది. ఈ ప్రశ్ననే ఇరువురు పురుషుల ప్రణయమునకు అన్వయించిన కథలు మూడు ఇటీవలి కాలమున ప్రసిద్ధికెక్కినవి. వీనిని నిషిద్ధప్రేమ గాథలుగా మాత్రమే పరిగణించుట వాడుక. కాని వీనిలో ప్రేమ కలుగుట కష్టము కాదు. ప్రేమించినవానిని ఇంట నిలుపుకొనుటయే కష్టము. ఈ దృష్టితో చూచినప్పుడే వాని తారతమ్యము తేటపడును.

మొదటిది అమెరికా రచయిత్రి అన్నీ ప్రూ 1997లో ప్రకటించిన ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ అను కథ. 2005లో ఆంగ్ లీ దీనిని చలనచిత్రముగా తీసెను. 1963 వేసవిలో వయోమింగ్ కొండలపై గొఱ్ఱెలు కాయుటకు కూలికి కుదిరిన ఎన్నిస్, జాక్ అను యువకులు పరస్పరము అనురక్తులగుదురు. ఒక చిన్న పశుక్షేత్రమును ఏర్పఱచుకొని కలిసి బ్రతుకుదమని జాక్ కోరును. ఎన్నిస్ అంగీకరింపడు. మఱియొక పురుషునితో కాపురముండిన రైతును జనులు చంపివేయగా, ఆ శవమును తండ్రి తనకు బాల్యమున చూపించిన సంగతి అతని మనస్సును వీడదు. ఆ తండ్రి చూపినది శవము, నేర్పినది భయము. కొండమీద కలిగిన ప్రేమకు ఊరిలో ఇల్లు లేకపోవుటయే ఈ కథలోని విషాదమునకు మూలము.

రెండవది ఫ్రాన్సిస్ లీ 2017లో తీసిన ఆంగ్లచిత్రము ‘గాడ్స్ ఓన్ కంట్రీ’. యార్క్‌షైర్ ప్రాంతమున తండ్రి రోగగ్రస్తుడు కాగా క్షేత్రభారమంతయు జానీపై పడును. గొఱ్ఱెల ఈతకాలమున పనికి రుమేనియానుండి గ్యోర్గె వచ్చును. జానీ మొదట జాతిపేరు పెట్టి అతనిని హేళనచేయును. చచ్చిన పిల్ల చర్మమును తల్లిలేని పిల్లకు తొడిగి, బిడ్డను పోగొట్టుకొనిన గొఱ్ఱెచేత గ్యోర్గె దానికి పాలిప్పించు ఘట్టము ఈ చిత్రమునకు ప్రాణము. పరాయిపిల్ల ఇంటిపిల్ల యగుటకు అన్యుని చర్మము కప్పుకొనవలసివచ్చినది. గ్యోర్గె అట్టి కప్పు లేకుండగనే, తన పనితనముచేత, ఆ ఇంట చోటు సంపాదించుకొనును. అయినను లోపమొకటి గలదు. యజమానికిని కూలివానికిని నడుమ ప్రేమ పుట్టినపిదప కూలిమాట యేమైనదో చిత్రము విచారింపదు.

మూడవది రోహన్ పరశురామ్ కానవడే తీసిన మరాఠీ చిత్రము ‘సాబర్ బోండ’. నాగజెముడు పండ్లని దాని అర్థము. 2025లో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవమున ప్రపంచ కథాచిత్ర విభాగములో అత్యున్నత పురస్కారమందినది. తెలుగు నటుడు రానా దగ్గుబాటి సంస్థ దీనిని మనదేశమున విడుదలచేసినది. తండ్రి మరణింపగా పదిదినముల మైలకై బొంబాయినుండి స్వగ్రామమునకు వచ్చిన ఆనంద్, చిన్ననాటి చెలికాడు బాళ్యా ఇందలి నాయకులు. బంధువులు పెండ్లిమాట యెత్తుచునే యుందురు. తల్లి మాత్రము కుమారుని స్వభావమెఱిగి అతని పక్షమున నిలుచును. తొలికథలో తండ్రి నేర్పిన భయమునకు ఇది సమాధానమువలె తోచును. ఆచారములను ధిక్కరింపక, ఆ మైలదినముల నడుమనే ప్రేమకు చోటు చూపుటచే మూడింటను ఇదియే మనకు మిక్కిలి సన్నిహితమైనది.

తెలుగువారికి పరవూరి పురుషుని ఇంటివానిగా చేసికొను పద్ధతి తెలియనిది కాదు. ఇల్లరికమన అదియే. అల్లుడు వచ్చి, అత్తవారి పొలము దున్ని, పసులను చూచుకొని, క్రమముగా ఆ ఇంటివాడగును. గ్యోర్గె చేసినదియు అదియే. నడుమ కుమార్తె లేదు, మంగళసూత్రము లేదు. ఇల్లరికమును అంగీకరించిన సమాజము దీనిని ఊహింపజాలకుండుట శ్రమవిషయమున గాదు, సంతానము, ఆస్తి, కులము అను మూటివిషయముననే.

అన్నూరు నేలమీద ఇట్టి కథ నడచినచో కులప్రశ్న మఱింత తీవ్రమగును. కొంగునాట తెలుగు నాయుళ్ళకును ఇంటిభాషయే, అరుంధతీయులలో పెక్కండ్రకును ఇంటిభాషయే. ఒకరు భూమిగలవారు, రెండవవారిలో అనేకులు ఆ భూములలో తరతరములుగా కూలిచేసినవారు. వీధిలో తమిళము, ఇంట తెలుగు మాటలాడు ఇరువురు పురుషులు ఒకరినొకరు ప్రేమించినచో, వారిని కలుపు భాషయే ‘అయ్యా’, ‘ఒరే’ అను పిలుపులతో వారిని విడదీయును. ఆంగ్లచిత్రము విడిచిన కూలిమాటను ఇచ్చటి రచయిత విడువరాదు.

న్యాయస్థానములు కొంతదూరము నడచినవి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల అంగీకృత సంబంధమును నేరపరిధినుండి తొలగించెను. 2023 అక్టోబరు 17న అట్టి జంటలకు వివాహపు హక్కును నిరాకరించెను. 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు ఇరువురు స్త్రీల విషయమున తీర్పుచెప్పుచు, కుటుంబమేర్పడుటకు వివాహమొక్కటియే మార్గము కాదనెను. చట్టము ఇంటి గడపవఱకు మాత్రమే రాగలదు. గడప లోపలికి రమ్మని పిలువవలసినది ఇంటివారే. ఆనంద్ తల్లి చేసిన పని అదియే. ఎన్నిస్ తండ్రి చేయనిదియు అదియే. వలసవచ్చి, ఒకనాడు పరులనేలపై చోటు వెదకికొనిన తెలుగువారికి ఆ పిలుపు విలువ వేఱొకరు చెప్పవలసిన పనిలేదు.