పిన్నుల చుట్టూ శ్రద్ధ

విరిగిన కాలికి బయట ఫ్రేమ్ బిగిస్తే అందరూ సర్జన్‌నే మెచ్చుకుంటారు. నా మెప్పు డ్రెస్సింగ్ గదిలోని సిస్టర్‌కు. ఇలిజరోవ్ అనే వైద్యుడు 1950ల్లో సైబీరియాలోని కుర్గాన్‌లో అభివృద్ధి చేసిన రింగుల పద్ధతిలో ఎముక రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది. అంటే నెలల తరబడి చర్మంలోంచి ఎముకలోకి దిగిన ప్రతి తీగా, ప్రతి పిన్నూ క్రిములకు తెరిచిన తలుపే.

క్లోర్‌హెక్సిడిన్‌లో తడిపిన గాజ్ గుడ్డతో ఆమె ఒక పిన్ను చుట్టూ తుడుస్తుంది. ఆ గుడ్డ అక్కడితో సరి, పక్క పిన్నుకు కొత్తది. ఒకచోటి చీము మరోచోటికి పాకకూడదు కదా! తర్వాత పట్టీని కాస్త బిగువుగా చుడుతుంది. చర్మం పిన్ను మీద జారుతూ ఒరుసుకుంటే రసి ఊరి, క్రిములు చేరతాయి. కండ ఎక్కువగా ఉండే తొడ దగ్గర ఈ బెడద మరీ ఎక్కువ, అందుకే అక్కడ ఆమె చూపు ఇంకొంచెంసేపు ఆగుతుంది.

"బాబాయ్ గారూ, పోయిన వారంకంటే సలుపు పెరిగిందా?" అని అడుగుతూనే ఎరుపు, వాపు, వేడి గమనించేస్తుంది. తొలిదశలోనే పసిగడితే చాలాసార్లు మాత్రలతో తగ్గుతుంది. పిన్ను వదులైతే తీసేయాల్సి రావచ్చు. ఇంటికి పంపేముందు ఆయన భార్య చేత ఒక డ్రెస్సింగ్ తన ఎదుటే చేయిస్తుంది. మొదటి పిన్ను తుడిచిన గుడ్డే రెండోదానికి వెళ్లిందా, చెయ్యి పట్టుకుని ఆపి మళ్లీ మొదటినుంచి చేయిస్తుంది.